దీప పెళ్లికి ఢావ్లో

మరిపెడకు దగ్గరి ఒక తండాలో పెళ్లి కుదిరితే ముందుగా గుర్తుకు వచ్చే మనిషి సోమ్లీ. అత్తవారింటికి బయలుదేరే లంబాడా పెళ్లికూతురు తన వాళ్లలో ఒక్కొక్కరి మెడ పట్టుకొని ఏడుస్తూ పాడే పాటను ఢావ్లో అంటారు. ఆ పాట కట్టి పెళ్లికూతురికి నేర్పడం, పత్తిచేల పని ముగిశాక, సోమ్లీ చేసే పని. ఆమెకు రాత రాదు. ఆ లోటు ఆమెకెన్నడూ తెలియలేదు.

నిరుడు కొడకండ్ల వైపు జరిగిన పెళ్లిలో ఆమె కట్టిన ఢావ్లోను ఎవరో ఫోన్‌లో పట్టారు. అది తండా నుంచి తండాకు పాకింది. డీజే పెట్టెల్లో కూడా మోగింది. బాగున్న పాటే, అంత కీర్తికి తగినదా అంటే సందేహమే. ఆ తరువాత పిలిచినవారంతా అటువంటిదే కావాలన్నారు. సోమ్లీ కూడా అటువంటిదాని కోసమే వెతకసాగింది. అక్కడ దారి మూసుకుపోయింది. నోరు తెరిస్తే నిరుటి పాటే వచ్చేది. దాన్ని పక్కకు నెడితే ఏమీ మిగిలేది కాదు. ఒంట్లో బాగాలేదని చెప్పి రెండు పెళ్లిళ్లు తప్పించుకుంది.

మరిది కొడుకు లక్ష్మా కూతురు దీప పెళ్లికి ఆ సాకు చెల్లదు. పాట కుదరకపోతే ఫోన్లో ఉన్నదే పెట్టిద్దామని లక్ష్మా అన్నాడు. పెద్దమనిషిని ఇబ్బంది పెట్టకూడదన్నదే అతని ఉద్దేశం. సోమ్లీకి మాత్రం, తాను బతికుండగానే తన పాట తన చోట వచ్చి కూర్చోబోతున్నట్టు అనిపించింది.

గడప మీద ఒంటరిగా కూర్చొని మాటలు పేర్చి చూసింది. ఎడ్లబండి, గుట్ట అవతలి ఊరు, తిరిగి రాని దారి. దీప మహబూబాబాద్ దవాఖానలో నర్సు. పెళ్లయ్యాక కూడా ఆ ఉద్యోగమే. అత్తవారి తండా కూడా దూరం కాదు. పాత మాటలేవీ ఆ పిల్లకు అతకలేదు.

పెళ్లికి రెండు రోజుల ముందు సాయంత్రం దీప పాట నేర్చుకోవడానికి వచ్చింది. పాట లేదని చెప్పలేక సోమ్లీ ఆమెనే దెప్పింది.

“హాస్టల్ల చదివి మన మాట సగం మర్చినవ్. అసలు నీకు ఏడుపొస్తదా?”

“రాదు దాదీ. వారం వారం వస్త కదా, ఏమని ఏడ్వాలె?”

“మరి నా దగ్గరికెందుకొచ్చినవ్?”

“ఉత్తగ బాపు మెడ పట్టుకొని నిలబడితే అందరు నవ్వుతరు. ఎట్ల పట్టుకోవాలెనో జర చూపియ్.”

సోమ్లీ లేచి ఆమెను దగ్గరికి తీసుకుంది. ఏడాదిగా సోమ్లీ పాటను పదిమంది వినే వస్తువుగా తయారుచేయబోయింది. ఢావ్లో మాత్రం ఒక్కరి భుజం మీద తల ఆన్చి ఆ ఒక్కరికే చెప్పుకునే మాట; ఎదుట ఆ మనిషి లేకుండా అది పుట్టదు. ఇదంతా సోమ్లీ ఆలోచించిందని కాదు. పిల్ల బరువు భుజం మీద పడగానే నేర్పడం మరిచిపోయింది.

దీపే, సోమ్లీని తండ్రి అనుకొని, సగం లంబాడీలో సగం తెలుగులో మొదలుపెట్టింది.

“బాపూ, నేను డ్యూటీ దిగి వచ్చేదాక బస్టాండుల బండి మీదనే కునుకు తీస్తవ్. ఇగ ఎవరి కోసం కూసుంటవ్?”

సోమ్లీ ఆ మాటలనే తమ భాషలోకి మార్చి, సాగదీసి రాగం మీద నిలబెట్టింది. ఆపకుండా రెండో పాదం అందుకుంది. “భుజం తట్టి నిన్నెవరు లేపుతరు, బాపూ?”

గొప్ప చరణమేమీ కాదు. రాగం ఒకచోట తడబడింది కూడా. కానీ అది నిరుటి పాట కాదు. సోమ్లీ దాన్ని మళ్లీ పాడింది, ఈసారి తడబడలేదు. కొంగుతో పిల్ల మొఖం తుడిచి, చేతులు మళ్లీ తన మెడ చుట్టూ వేసుకుంది.

“బాపుది అయింది. ఇగ నేను మీ అమ్మను. మొదలుపెట్టు.”