మూసిన తలుపు ముందు వసపిట్ట

మా పిన్నిని ఇంట్లో అందరూ వసపిట్ట అంటారు. మేముంటున్న ఈ పరాయి దేశపు ఊళ్లో తెగిన జిప్పులు మార్చి, పొడుగు ప్యాంట్లు కురచ చేసే చిన్న దుకాణం ఆమెది. గిరాకీ లేకపోతే కుట్టుమిషనుతో మాట్లాడుతుంది. చెవుల్లో దూది పెట్టుకోకుండా ఇన్నేళ్లు కాపురం చేసిన మా బాబాయి సహనానికి దండం పెట్టాలి.

ఆ వాగుడు ఒకచోట పనికొచ్చింది. ప్రాణభయంతో సొంత దేశం వదిలి వచ్చి, ఆశ్రయం ఇమ్మని అడిగి, జవాబు కోసం హాస్టళ్లలో ఎదురుచూసే ఆడవాళ్లలో గర్భిణులు కూడా ఉంటారు. పక్కన అమ్మ ఉండదు, అక్క ఉండదు, నొప్పులప్పుడు పట్టుకోవడానికి ఒక చెయ్యి ఉండదు. అలాంటివాళ్లకు ఊరికే తోడు వెళ్లే ఆడవాళ్ల బృందంలో పిన్ని చేరింది. పరీక్షలకు తీసుకెళ్తుంది, కాన్పు గదిలో పక్కన నిలబడుతుంది. వాళ్లలో ఏ దేశం మనిషితోనైనా ఆమె మాట్లాడేది తెలుగే.

"అర్థం కాకపోతే ఏమైందే? గొంతు తెలుస్తుంది కదా!" అంటుంది.

ఆమెకొక పద్ధతి ఉంది. వాళ్ల గది తలుపు ఎప్పుడూ తట్టదు. తలుపు చప్పుడైన రోజునే ఆ ఆడవాళ్లలో చాలామంది బతుకులు తలకిందులయ్యాయి. తీయమని నోటితో అడగదు కూడా. గుమ్మం పక్కన నేల మీద చతికిలబడి దుకాణం కబుర్లు చెప్తూ ఉంటుంది. లోపలి మనిషి తనంతట తానే గడియ తీయాలి. ఈ విషయంలో పిన్ని మహా మొండిది.

కిందటేడు ఆమె చేతికి ఒక అమ్మాయి వచ్చింది. పిన్ని ఆమెను చిట్టి అని పిలిచేది. చిట్టి మొగుణ్ణి తలుపు కొట్టి వచ్చినవాళ్లే పట్టుకుపోయారు. అప్పటినుంచి ఆ పిల్ల గది తలుపుకు మంచం అడ్డం జరుపుకుని ఉండేది. వార్డెనమ్మ పిలిచినా, భోజనం తెచ్చినవాళ్లు పిలిచినా పలికేది కాదు. పిన్ని గొంతు విన్నాక మాత్రం, ఎంతసేపటికో, మంచం జరిపిన చప్పుడు వచ్చేది. పిన్ని ఆమెకు మూడు మాటలు నేర్పింది: పీల్చు, వదులు, నేనున్నా.

"ఒంటరిగా ఉన్నప్పుడు నొప్పులొస్తే ఆ పిల్ల ఎవర్నీ పిలవదే. గదిలోనే అయిపోతుంది," అని పిన్ని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. నెలలు నిండేకొద్దీ ఆ బెంగతో ఆమెకు అన్నం సహించేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం దుకాణం మూసి హాస్టల్‌కు వెళ్లింది. పొడుగాటి వరండా, రెండువైపులా ఒకేలాంటి తలుపులు, పట్టపగలు కూడా వెలుగుతున్న ట్యూబులైటు. మనిషి అలికిడి లేదు. చిట్టి గది ముందు కూర్చుని, నడుము కొలత తప్పు చెప్పి తనతోనే పోట్లాడిన ఒకాయన కథ మొదలుపెట్టింది. లోపల్నుంచి మంచం కదిలిన చప్పుడు రాలేదు. తలుపుకు చెవి ఆనించింది.

ఊపిరి వినిపించింది. ఆగి ఆగి, పళ్ల బిగువున వదులుతున్న ఊపిరి. కాన్పు గదుల్లో నిలబడిన మనిషికి అదేమిటో వేరే చెప్పాలా? పిన్ని పై ప్రాణాలు పైనే పోయాయి. వార్డెనమ్మను గట్టిగా కేకేసింది. ఎవరూ రాలేదు. లేచి వెళ్దామంటే ఆ పిల్లను వదిలి కాళ్లు రాలేదు. తలుపుకు పెదాలు ఆనించి, "పీల్చు తల్లీ... వదులు... నేనున్నా," అని మొదలుపెట్టింది. లోపలి ఊపిరి ఆమె మాట వెంట నడిచింది. తలుపు తియ్యమనే మాట గొంతు దాకా వచ్చింది. అంటే బెదిరిపోతుందని మింగేసింది. మళ్లీ వచ్చింది, మళ్లీ మింగేసింది.

చివరికి వార్డెనమ్మ మెట్లెక్కి వచ్చి, వింతగా చూస్తూ ఇక్కడి భాషలో అడిగింది.

"ఎవరితో మాట్లాడుతున్నారండీ? ఆ అమ్మాయిని నిన్ననే ఊరవతలి హాస్టల్‌కి మార్చేశారు. మీకు చెప్పలేదా?"

"లోపలే ఉందమ్మా, నొప్పులు పడుతోంది! వినపడట్లేదూ?"

వార్డెనమ్మ తాళంచెవి దూర్చింది. అది తిరిగేదాకా ఊపిరి వినిపిస్తూనే ఉందట. తలుపు తెరిస్తే చుట్టి పెట్టిన పరుపు, వేసి ఉన్న కిటికీ, ఊడ్చిన నేల.

పిన్ని టాక్సీ ఎక్కి ఊరవతలికి పరుగెత్తింది. అక్కడ వరండా తుడిచే ఆవిడ నేల మీది రక్తం కడుగుతోంది. ఆ పిల్ల తనే తలుపు తీసుకుని, పాకుతూ బయటికొచ్చిందని, అంబులెన్సులో పంపించామని చెప్పింది.

ఇంకాస్త ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కేవాళ్లు కాదని ఆస్పత్రిలో డాక్టరమ్మ అంది. చిట్టి గుండెల మీద ఆడపిల్ల నిద్రపోతోంది. ఇప్పుడే బయటికెళ్లి వచ్చిన మనిషిని చూసినట్టు చిట్టి పిన్నిని చూసి నవ్వింది. తలుపు వైపు వేలు చూపించి, తర్వాత పిన్నిని చూపించి, "పీల్చు. వదులు. నేనున్నా," అంది. ఎంతసేపు చెప్పావో అన్నట్టు పిన్ని చెయ్యి నిమిరింది. ఆ తర్వాత ఒక్క తడబాటు లేకుండా, అచ్చం పిన్ని యాసలో, "తలుపు తియ్యి తల్లీ," అంది.

ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి పిన్ని ఇదంతా నాకు చెప్పింది.

నేను ఇలాంటివి చచ్చినా నమ్మను. ఎక్కడో విని ఉంటుందిలే అని వాదించాను.

"ఎక్కడ వింటుందే? ఈ ఊళ్లో ఆ పిల్లతో తెలుగు మాట్లాడింది నేనొక్కదాన్నే. ఆ మాట నేనెప్పుడైనా అన్నానా?"

"అయితే మరి ఎవరు చెప్పారు? భయమెయ్యలేదా పిన్నీ?"

మా వసపిట్ట నోరు మూసుకుని కూర్చోవడం పుట్టి బుద్ధెరిగాక నేను చూసింది అప్పుడే.

"ఎవరైతేనేం లేవే. నాకు భయమేస్తోంది దానిక్కాదు. నేను తప్పు తలుపు దగ్గర కూర్చున్నాను కాబట్టి సరిపోయింది. సరైన తలుపు దగ్గరికే వెళ్లుంటే, అక్కడా ఆ మాట మింగేసేదాన్ని. నేనున్నా, నేనున్నా అంటూనే ఆ పిల్లని చంపేసేదాన్ని."