గట్టు కొలిచే కపితోలీనా

కపితోలీనా ఒకచోట కుదురుగా కూర్చోవడం జలూజ్యే ఊళ్లో ఎవరూ చూడలేదు. టీ తాగుతున్నా సరే, గ్లాసు పట్టుకుని కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఏటా మంచు కరగగానే ఏరు ఒడ్డును కోసుకుంటూ వస్తుంది. కింది వీధి మొత్తం అలాగే పోయింది. తెల్లారగానే ఆమె చనిపోయిన మొగుడి రబ్బరు బూట్లు తొడుక్కుని, ఇంకెంత గట్టు మిగిలిందో అడుగులేసి కొలుస్తుంది.

మొన్న జిల్లా ఉద్యోగి ఒకాయన పటం పట్టుకొచ్చి, "కింది వీధి ఎటమ్మా?" అన్నాడు.

ఆమె నీళ్లకేసి చెయ్యి చూపించింది. "అదిగో, ఆ సుడి తిరిగేచోట బడి. ఇవతల కమ్మరి యెఫీం ఇల్లు. మా అమ్మ నన్ను కన్నది ఆ పడవ ఉందే, అక్కడ."

ఆయన పటం మడిచాడు. "మీకు పట్నంలో గది ఇస్తారు. ఊరు ఖాళీ చేస్తున్నట్టు సంతకం పెట్టండి."

"మరి ఊరి పేరు?"

"మనుషులే లేకపోతే పేరెందుకమ్మా? పటంలోంచి కొట్టేస్తారు."

ఆమె సంతకం పెట్టలేదు. ఆయన వెళ్లగానే, ఊరు ఇక్కడ మొదలని చెబుతూ రేవు దగ్గర ఒరిగిపోతున్న పేరు పలకను పెకలించి, భుజాన వేసుకుని, తన ఇల్లు దాటి పైకెళ్లి, పై వీధికి ముందు, మెట్ట మొదట్లో పాతింది.

పై వీధి ప్రోఖర్ కంచె మీంచి నవ్వాడు. "పిచ్చిదానా, నీ ఇల్లు ఊరి బయట పడిందే!"

"పడనీ," అంది ఆమె, మట్టిని కాలితో తొక్కుతూ. "నీది లోపలే ఉందిగా. నవ్వడం ఆపి నాలుగు రాళ్లు పట్రా."