బతికున్న మనిషి బ్యాడ్జి

మా అమ్మమ్మ డెల్ఫియాకు రెండు నిమిషాల్లో మనిషిని ఏడిపించడం వచ్చు. మా రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో శాసనసభ కమిటీ ముందు ఎవరు మాట్లాడినా రెండు నిమిషాలే ఇస్తారు. మిగతావాళ్ళు గొంతు సవరించుకునేసరికి గంట కొట్టేస్తారు. అమ్మమ్మ మాత్రం గుడ్లు ఉడికే టైము చూసుకునే గడియారం తిప్పి పెట్టుకుని, అంట్లు తోముతూ సాధన చేసేది. ఆఖరి మాట, గంట ఒకేసారి పడేవి.

"ఏడుపు వాళ్ళ వంతు, మాట నా వంతు" అనేది.

ఆవిడ పుట్టింది బొగ్గు గని కాలనీలో. బతుకంతా బడి వంటశాలలో బీన్స్, మొక్కజొన్న రొట్టె వండి వడ్డించింది. మా కొండల్లో నడివయసు దాటనివాడు ఎవడైనా ఆవిడ గరిటె కింద పళ్ళెం పట్టినవాడే. నేను పదో తరగతిలో బడి మానేస్తే, "చదువు పోతే పోయింది గానీ మధ్యాహ్నం భోజనం కూడా వదులుకున్నావు కదే" అని బాధపడిన మనిషి.

ఆవిడ కొడుకు లానీ, అంటే మా మామయ్య, గనిలో నడుము విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు రాసిచ్చిన మాత్రలతో మొదలుపెట్టి, ఏ డాక్టరూ రాయని పొడి దగ్గర ఆగిపోయాడు. పెట్రోలు బంకు మరుగుదొడ్డిలో శవమై దొరికాడు. అప్పటినుంచే అమ్మమ్మ చర్చి కింది గదిలో చేరే తల్లుల సంఘంలో కలిసింది.

ఆ సంఘం ఆడవాళ్ళంతా పిల్లల్ని మత్తుమందుకు పోగొట్టుకున్నవాళ్ళే. అమ్మేవాళ్ళకు శిక్షలు పెంచమనీ, మాన్పించే ఆసుపత్రులు మా వైపు పెట్టమనీ శాసనసభ్యుల గుమ్మాల ముందు పడిగాపులు పడేవాళ్ళు. చేతిలో ఎండు యాపిల్ కేకు, గుండె మీద బ్యాడ్జి. పోయిన బిడ్డ ముఖం అచ్చువేసిన బ్యాడ్జి లేకుండా ఒక్కతీ లోపలికి అడుగుపెట్టదు. అది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు.

అమ్మమ్మ ప్రసంగం ఎప్పుడూ ఒకటే. "నా కొడుకు ఒంటరిగా పోలేదు. పక్కన ఒక మనిషి ఉంది. అంబులెన్సుకు ఫోను చెయ్యకుండా వదిలేసి పోయింది. అలాంటివాళ్ళను జైల్లో పెట్టే చట్టం కావాలి."

ఆ మనిషి మా అమ్మ ట్రెస్సా. లానీ మామయ్యకు సొంత చెల్లెలు. మామయ్య పోయిన రోజు అమ్మ ఇంటికి వచ్చినప్పుడు ఒంటిమీద మామయ్య కోటు ఉంది. అమ్మమ్మ ఆ కోటు అడిగి తీసుకుని, ఉతికి, తలుపు వెనక తగిలించింది. అంతే. మా ముగ్గురికీ తెలుసు, ముగ్గురం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ పెరట్లో నిలిపిన ట్రైలరు అనే చక్రాల ఇంట్లో ఉంటూ కొన్నాళ్ళు మత్తుమందు మానేది, కొన్నాళ్ళు మానేది కాదు.

ఆ ఏడు కొత్త బిల్లు ఒకటి వచ్చింది. పక్కవాడు మత్తుమందుతో పడిపోతే, అంబులెన్సుకు ఫోను చేసినవాళ్ళను పోలీసులు పట్టుకోకూడదని. సంఘం రెండుగా చీలింది. అమ్మమ్మ బిల్లుకు ఎదురు. "మత్తుమందు తీసుకున్నవాళ్ళకు క్షమాభిక్ష పత్రం కూడానా" అనేది. కమిటీలో మా వైపు సభ్యుడు హాస్కిన్స్ ఎటూ తేల్చుకోలేక ఊగుతున్నాడు. చిన్నప్పుడు అమ్మమ్మ వడ్డించిన బీన్స్ తిన్నవాడు. ఆవిడ ఎటంటే అటే చెయ్యెత్తుతాడని అందరికీ తెలుసు. అందుకని మాట్లాడే పని అమ్మమ్మకే అప్పగించారు.

పాత బ్యాడ్జి వెలిసిపోయిందని అమ్మమ్మ ఎస్టాకు వేరే ఫోటో ఇచ్చింది. ఎస్టా సంఘంలో బ్యాడ్జీలు చేసే ఆవిడ. మనసు బంగారం, కళ్ళు మాత్రం అంతంత మాత్రం. ఆ ఫోటోలో అన్నాచెల్లెళ్ళిద్దరూ తిరునాళ్ళలో పక్కపక్కన నిలబడి నవ్వుతున్నారు. మామయ్యకు జులపాలు. పేలు పట్టాయని అమ్మకు అప్పుడే జుట్టు కత్తిరించారు. జుట్టు పొట్టిగా ఉన్నదే మగపిల్లాడనుకుని ఎస్టా ఆ ముఖమే కత్తిరించి అచ్చేసింది. బయలుదేరే రోజు పొద్దున బ్యాడ్జి తెచ్చి ఇచ్చి వ్యానులో కూర్చుంది. అమ్మమ్మ కళ్ళజోడు లేకుండానే తగిలించుకుంది.

నేను చూసి నోరు తెరిచేలోపు అమ్మ కాఫీకి వచ్చింది. కప్పు చేతిలో పట్టుకుని అమ్మమ్మ గుండె వైపే చూస్తూ నిలబడిపోయింది.

"నేనెప్పుడు పోయానే? నాకొక మాట చెప్పొద్దూ?" అంది.

అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసుకుంది. "ఆ గుడ్డి ఎస్టా... ఒసే రేలీన్, పాతది వెతుకు."

"పాతది పారేశావు కదే అమ్మమ్మా."

"ఉండనీలే" అంది అమ్మ. "ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు చేయించుకోవాలి కదా, ఎస్టాకు పని తప్పుతుంది."

"నోరు ముయ్యి."

"నువ్వే ముయ్యమ్మా. ఇన్నేళ్ళుగా ఊళ్ళు తిరిగి జైల్లో పెట్టమని అడుగుతున్నావు, ఎవరినో చెప్పు." కప్పు బల్ల మీద పెట్టింది. "ఆ రోజు ఫోను నా చేతిలోనే ఉంది. అంకెలు కూడా నొక్కాను. అంబులెన్సు వెనకాలే పోలీసులొస్తారు, నన్ను తీసుకుపోతారు, దీన్ని ఎవరింట్లోనో పడేస్తారు అనుకున్నా." 'దీన్ని' అంటే నన్ను. "అన్నయ్య గురక పెడుతున్నాడు. గురక పెడుతున్నవాడు బతికే ఉంటాడు కదా అనుకున్నా."

బయట వ్యాను హారను మోగింది. అమ్మమ్మ చెయ్యి పిన్ను మీదికి వెళ్ళింది. తియ్యలేదు.

దారంతా నేను వ్యాను నడుపుతూ అద్దంలో అమ్మమ్మనే చూస్తూ ఉన్నాను. తన పొరపాటు తెలిశాక ఎస్టా బతిమాలుతూనే ఉంది. "అక్కా, నా కళ్ళు పాడుగాను, కోటు కప్పుకో, ఎవరూ చూడరు." అమ్మమ్మ కప్పుకోలేదు.

కమిటీ గదిలో పేరు పిలిచారు. లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. అధ్యక్షుడు బ్యాడ్జి చూసి తల వంచి, "మీ బిడ్డ పోయినందుకు చాలా బాధగా ఉందమ్మా" అన్నాడు.

"ఈ పిల్ల బతికే ఉంది" అంది అమ్మమ్మ.

గదిలో ఎవరో దగ్గి ఆపేశారు. అమ్మమ్మ అట్లానే నిలబడింది. నాకు కంఠతా వచ్చిన ప్రసంగంలో ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు. గడియారం తిరుగుతోంది. చుట్టూ పోలీసులు, విలేకరులు. ఇంకొక్క మాట ఎక్కువైతే మా అమ్మ పేరు బయటపడుతుంది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, వెనక బెంచీ మీద గోళ్ళు కొరుక్కుంటున్న నాకూ తెలుసు.

హాస్కిన్సే కదిలించాడు. "డెల్ఫియా గారూ, ఇంతకీ మీరు బిల్లుకు అనుకూలమా, వ్యతిరేకమా?"

"బీన్స్ పెట్టినప్పుడు నన్నిన్ని ప్రశ్నలు అడగలేదు నాయనా నువ్వు."

ఒకరిద్దరు నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. బ్యాడ్జి మీద అరచెయ్యి పెట్టుకుంది.

"వాళ్ళను ఫోను చేసుకోనివ్వండి" అంది. "జైలు భయంతో చేతిలో ఫోను పెట్టుకుని కూర్చునే పిల్లలున్నారు. ఆ భయం పెట్టమని మిమ్మల్ని అడిగినదాన్ని నేనే. ఇప్పుడు తీసెయ్యమని అడుగుతున్నా."

గంట ఇంకా కొట్టనే లేదు. వచ్చి కూర్చుంది.

హాస్కిన్స్ చెయ్యెత్తాడు. బిల్లు కమిటీ దాటింది. పూర్తి శాసనసభలో ఏమవుతుందో ఎవరికీ తెలియదు. తిరుగు ప్రయాణంలో వ్యాను సగం ఖాళీ. కొందరు తల్లులు వేరే కార్లలో సర్దుకున్నారు. ఎస్టా ఎక్కింది గానీ, చాలాసేపటికి కిటికీలోంచి బయటికి చూస్తూనే, "మా వాడి పక్కన కూడా ఎవరో ఉండే ఉంటారక్కా. వాళ్ళను నేను క్షమించలేను" అంది.

"నేను మాత్రం క్షమించానని ఎవరన్నారు?" అంది అమ్మమ్మ.

ఇంటికొచ్చేసరికి ట్రైలరు తలుపు వేసి ఉంది. అమ్మమ్మ కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడోసారి కొట్టేటప్పుడు ఆవిడ పిడికిలి తలుపు మీద కాసేపు అలాగే ఉండిపోయింది. నేను కిటికీ అద్దం పగలగొడదామని రాయి కోసం చూస్తున్నాను. అప్పుడు గడియ తీసిన చప్పుడైంది.

అమ్మ నిలబడి ఉంది. మత్తు తీసుకున్నప్పటిలా కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోయి ఉన్నాయి. "గెలిచావా?" అంది.

"తెలియదు."

అమ్మ కళ్ళు బ్యాడ్జి మీద పడ్డాయి. "ఇంకా తియ్యలేదే?"

అమ్మమ్మ పిన్ను తీసి, బ్యాడ్జిని అమ్మ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "నీది నీ దగ్గరే ఉంచుకో. నేనింక పెట్టుకోను."

తర్వాత లోపలికి తొంగి చూసి, "నీ ఫోనులో ఛార్జింగు ఉందా?" అని అడిగింది.

అమ్మ చేతిలో ఉన్న ఫోను తెర నల్లగా ఉంది.

అమ్మమ్మ అమ్మను పక్కకు జరిపి లోపలికి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, మంచం కింద ఛార్జరు వెతకడం మొదలుపెట్టింది.