ఆ పేరు ఎవరో తీసుకున్నారు

తొమ్మిదేళ్లుగా ఒక ఆడమనిషి పేరు నా దగ్గర దాచిపెట్టుకున్నాను. ఆమె ఇప్పుడు లేదు. ఆ పేరుతో నాకు ఒక్క పనీ పడలేదు, పడదని తెలిసే తీసుకున్నాను. అయినా ఏటేటా దాన్ని వదలకుండా పట్టుకునే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు ఈ మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోయింది, ఒకసారి కాదు.

మాది మార్కాపురం. బస్టాండుకు దగ్గర్లో నాకు చిన్న నెట్ సెంటరు ఉంది. దరఖాస్తులు నింపుతాను, హాల్ టికెట్లు తీసిస్తాను, అడిగినవాళ్లకు వెబ్‌సైట్లు చేసిపెడతాను. మా నాయనకు పలకల షెడ్డు ఉండేది. బడిపిల్లలు రాసుకునే రాతి పలకలు. రాయి కోసి, అరగదీసి, చెక్క చట్రం బిగించి లారీలకెత్తేవాళ్లు. పిల్లలు పలకలు మానేశాక అదీ మూతపడింది.

కాశమ్మ ఆ షెడ్డులో రాయి అరగదీసేది. బేస్తవారిపేట వైపు నుంచి పెళ్లయి వచ్చిన మనిషి. నేను వదినా అనేవాణ్ణి. బడి వదలగానే షెడ్డుకు పోతే, విరిగిన ముక్కల్లో నున్నటిది ఏరి నా చేతిలో పెట్టేది. ఆమె కనుబొమల మీద, చెవుల వెనక ఎప్పుడూ బూడిదరంగు పొడి. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకునేది, అంతే. ఆరేళ్లు చేసింది. ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. మా వీధిలో ఆమె నడిచిపోతుంటే తలుపు తీయకుండానే తెలిసేది, కాశమ్మ పోతోందని.

రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు డాక్టర్లు. ఎక్కడ పని చేసిందో యజమాని కాగితం ఇస్తే సర్కారు సాయానికి రాయొచ్చన్నారు. ఆమె భర్త గురవయ్య ఆ కాగితం కోసం మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నాయన ఆయన్ను చూడకుండా, వీధిలోకి చూస్తూ చెప్పాడు, ఆ పేరుగల మనిషి మా హాజరు పుస్తకంలో లేదని. నేను పక్కనే ఉన్నాను. ఆ పుస్తకం ఇనప్పెట్టెలో ఉందని నాకు తెలుసు. అందులో కాశమ్మ పేరు ఎదురుగా ఆమె వేలిముద్రలు వరసగా ఉన్నాయనీ తెలుసు. నేను నోరెత్తలేదు. గురవయ్య లేచి, చెప్పులు వేసుకుని పోయాడు. మరుసటి ఏడాది ఆమె పోయింది.

ఆ పాపం నాయనదని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది పూర్తిగా నాది.

గురవయ్య రాతి పనివాడు. కోసిన రాళ్ల మీద పూలూ లతలూ చెక్కుతాడు, ఇళ్ల ముందు పెట్టుకునే పేరు పలకలు చేస్తాడు. ఆమె పోయిన మూడేళ్లకు బెంగళూరులో ఒక కొనుగోలుదారు ఆయన పని చూసి, నమూనాలు పంపమనీ, వెబ్‌సైటు ఉంటే చెప్పమనీ అడిగాడు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ గురవయ్య నా సెంటరుకు వచ్చాడు. చంకలో గోనెపట్టా మూట. అందులోంచి అరచేతి వెడల్పు రాయి ఒకటి తీసి బల్ల మీద బోర్లించాడు. వెనక వైపు ఇంగ్లీషు అక్షరాల్లో చెక్కి ఉంది. కాశమ్మపలకలు డాట్ కామ్.

ఇట్లాంటివి పన్నెండు చెక్కాడట. వెబ్‌సైటు పేరు ముందు కొనాలనీ, కొన్నాకే ఎక్కడైనా రాయాలనీ, ఒకరు తీసుకుంటే ఇంకొకరికి దొరకదనీ ఆయనకు తెలియదు. పేరు అనుకుంటే రాయి మీద చెక్కడమే ఆయనకు తెలిసిన పని. కూతురి చేత ఇంగ్లీషులో రాయించుకుని, ఉలితో అక్షరం అక్షరం తవ్వుకొచ్చాడు.

నేను కంప్యూటర్‌లో ఆ పేరు కొట్టాను. ఖాళీగా ఉంది, తీసుకోవచ్చు అని చూపించింది. పక్కన పచ్చ గుర్తు. ఆ గుర్తు చూస్తూ ఉండగా నాకు కనిపించింది మాత్రం మా అరుగు. ఈ పేరు దేశమంతా తిరుగుతుంది. ఎవరీ కాశమ్మ అని అడుగుతారు. గురవయ్య చెబుతాడు, ఎందుకు చెప్పడు? ఎక్కడ పని చేసింది, ఎట్ల పోయింది, ఎవరు కాగితం ఇవ్వలేదు. నాయన అప్పటికి బతికే ఉన్నాడు. బజార్లో పెద్దమనిషిగా తిరుగుతున్నాడు. నేను తెరను మెల్లగా నా వైపు తిప్పుకున్నాను.

"ఈ పేరు ఎవరో తీసుకున్నారన్నా" అన్నాను.

"తీసుకున్యారా? ఎవురు?"

"తెలీదు. ఏ దేశంవాడో ఏమో."

ఆయన నవ్వాడు, నేను ఎగతాళి చేస్తున్నాననుకుని. "ఊరుకో అబ్బాయా. కాశమ్మ పేరు ఇంకెవరికి గావాల? నాకు గాక?"

"ఇంటర్నెట్‌లో అంతే అన్నా. ముందు ఎవరు పట్టుకుంటే వాళ్లదే."

ఆయన నవ్వు ఆగింది. రాయి మీద అక్షరాలను వేలితో తడిమాడు. "ఆయప్పకు కాశమ్మ ఏమయితాది? ఆయమ్మను సూసినాడా ఎప్పుడన్నా?"

ఆ మాట దాటేయడానికి పాఠం మొదలుపెట్టాను. పేరు చిన్నదిగా ఉండాలి అన్నా. ఫోనులో ఒకసారి చెబితే అవతలివాడు తప్పు లేకుండా రాసుకోవాలి. పలక అంటే బెంగళూరువాడికి ఏం అర్థమవుతుంది? మనిషి పేరు వద్దు, సరుకు పేరు పెట్టు. మధ్యలో గీతలు, అంకెలు వద్దు. అన్నీ నిజాలే. ఈ పని నేర్చుకున్న ఎవరైనా అవే చెబుతారు. ఒక అబద్ధాన్ని కప్పడానికి అన్ని నిజాలు పనికొస్తాయని నాకు ఆ రోజే తెలిసింది. నల్లరాయి అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు ఒకటి నేనే చూపించాను. "నీకు తెల్సినంత నాకేం తెలుసు. నువ్వు మంచిదంటే అదే పెట్టు" అన్నాడు. ఆ పేరు అక్కడికక్కడే కొనిచ్చాను. రాయిని మళ్లీ గోనెపట్టాలో చుట్టుకుని పోయాడు.

ఆయన సందు మలుపు తిరిగిందాకా చూసి, కాశమ్మ పేరును నేను కొన్నాను. ఎందుకని? గురవయ్య ఇంకో సెంటరుకు పోయి అడిగితే? అక్కడ ఖాళీగా ఉందంటే నా అబద్ధం బయటపడుతుంది. అందుకని దాన్ని నిజం చేశాను. ఎవరో తీసుకున్నారన్నాను కదా, తీసుకున్నాను.

వారం తర్వాత వెబ్‌సైటుకు ఫొటోలు తీయడానికి ఆయన షెడ్డుకు పోయాను. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, పన్నెండు రాళ్లనూ బోర్లించుకుని, మిషను పెట్టి వెనక అక్షరాలను అరగదీస్తున్నాడు. పొడి లేస్తోంది. అదే రంగు పొడి. మధ్యమధ్యలో ఆపి దగ్గుతున్నాడు. నన్ను చూసి తువ్వాలు కిందికి లాగి చెప్పాడు. "లోతుగా చెక్కినా అబ్బాయా. ఒక పట్టాన పోవట్లేదు."

నేనేం చేశాను? ఫొటోలు తీశాను. వెలుతురు బాగా పడేట్టు రాళ్లను కొంచెం జరపమని కూడా చెప్పాను. ఎంత సిగ్గులేని చేతులో నావి. ఆ ఫొటోల్లో ఒకదాంట్లో ఒక రాయి వెనక్కి తిరిగి ఉంది. అక్షరాలు పోయిన చోట తెల్లటి గుంట. మొదటి అక్షరం కాలు ఒకటి ఇంకా మిగిలే ఉంది. ఆ ఫొటో నేను వెబ్‌సైటులో పెట్టలేదు. తీసేయనూ లేదు.

వ్యాపారం బాగానే నడిచింది. అదే నాకు మరీ కష్టంగా ఉంది. గురవయ్య ఎక్కడ కనబడినా పక్కవాళ్లకు నన్ను చూపించి, మంచి పేరు పెట్టినాడు మా తమ్ముడు అంటాడు. తలవంచుకుంటే అణకువ అనుకుంటారు. రెండేళ్లకు నాయన పోయాడు. ఇక ఎవరి పరువు కాపాడాలి? అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఏటా గడువు దగ్గర పడుతోందని మెయిలు వస్తుంది, దాని మొదటి వరుసలో కాశమ్మ పేరుంటుంది. ఈసారి వదిలేద్దాం అనుకుంటాను, వదిలితే ఎవడో పట్టుకుని ఏ చెత్తో పెడతాడేమోనని భయం వేస్తుంది. అది ఆమె మీద గౌరవమా, నా బండారం బయటపడుతుందన్న భయమా? ఇన్నేళ్లలో తేల్చుకోలేకపోయాను. ఒక్కోసారి సెంటర్లో ఎవరూ లేనప్పుడు ఆ పేరు టైపు చేస్తాను. తెల్ల పేజీ వస్తుంది. ఏమీ ఉండదు. దాని ముందు కూర్చుంటే ఎవరో వీధిలో దగ్గినట్టు ఉంటుంది, తలుపు దాకా పోయి చూస్తాను.

పోయిన నెల గురవయ్య కూతురు మల్లిక వచ్చింది. కంప్యూటర్ల చదువు పూర్తిచేసిన పిల్ల. నన్ను చిన్నాయనా అంటుంది. వాళ్ల అమ్మ పేరు ఎవరి దగ్గర ఉందో వెతికిందట. కొన్నవాడి వివరాలు దాచి ఉన్నాయట గానీ, కొన్న తేదీ మాత్రం కనబడుతోందట. వాళ్ల నాయన వెబ్‌సైటు పేరు కొన్న తేదీ, ఈ తేదీ ఒకటేనంది. నా ముఖంలోకి చూడలేదు. బల్ల అంచు చూస్తూ చెప్పింది. నేను ఔనా అన్నాను. అంతే అన్నాను.

వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగింది. "ఆ పేరు కొన్నాయన ఇయ్యకపోయినా పర్వాలేదు చిన్నాయనా. ఆ పేజీ ఊరికే ఖాళీగా ఉంది గదా, మా అమ్మ గురించి ఒక్క మాట రాయమని అడగాలని ఉంది" అంది.

ఆ పిల్లకు తెలుసు. తెలిసే అడిగిందని ఇప్పుడు అనుకుంటున్నాను. లేదంటే నా భయమే నాకట్లా వినిపించిందేమో.

మీరు చదువుతున్నది ఆ పేజీలోనే. కాశమ్మ పేరు టైపు చేసి ఇక్కడికి వచ్చారు. తొమ్మిదేళ్లలో దీని మీద రాసిన మొదటి రాత ఇది. ఇక్కడ కూడా ఆమెకన్నా నా గురించే ఎక్కువ రాసుకున్నానని తెలుస్తూనే ఉంది, ఏం చేయను. పేరును వాళ్లకు మార్చే కోడు కాగితం మీద రాసి కవర్లో పెట్టాను. రేపు పొద్దున గురవయ్య షెడ్డుకు పోయి ఇస్తాను. ఆ తర్వాత ఇదంతా ఉంచుతారో తీసేస్తారో వాళ్ల ఇష్టం. నన్నేం చేస్తారన్నదీ వాళ్ల ఇష్టమే. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. నా పేరు ఇక్కడ రాయలేదు. రాయకపోయినా మార్కాపురంలో సగంమందికి తెలిసిపోతుంది. తెలియనీ. ఇన్నేళ్లకు గుండెల మీద చేయి వేసుకుంటే కొంచెం ఊపిరాడుతోంది, ఆమెకు ఆడనిది.

మల్లిక అడిగిన ఒక్క మాట, మా అరుగు మీద గురవయ్య అడిగిన కాగితం, రెండూ ఒకటే కాబట్టి అది రాసి ఆపేస్తాను. హాజరు పుస్తకం ఎదురుగా పెట్టుకుని, చూసి రాస్తున్నాను.

కాశమ్మ, భర్త పేరు గురవయ్య, మా షెడ్డులో ఆరేళ్లు రాయి అరగదీసే పని చేసింది.