కిటికీకి వీపు పెట్టి

సిద్దిపేట బజారు వెనక గల్లీలో నరహరి పనిగదికి ఉన్నది ఒక్కటే కిటికీ. అది ముప్పయ్యేండ్లుగా మూసే ఉంది. గాలి వస్తే దీపం మంట చెదురుతుంది, మంట చెదిరితే అతుకు చెడుతుంది, బంగారు రజను ఎగిరిపోతుంది. అందుకని ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయకుండా, నోట్లో ఊదుగొట్టం పెట్టుకుని మంటను కమ్మల మీదికి ఊదేవాడు.

పక్కన పీట మీద కూతురు శైలజ. కాపురం పక్క వీధిలోనే. పిల్లలను బడికి పంపి వచ్చి, పన్నెండేండ్లుగా తండ్రితో కలిసి అతుకులు పెడుతోంది. "నా చెయ్యి వణుకుతది గని నా బిడ్డ చెయ్యి వణకది," అని ఆయన గిరాకీలకు చెప్పుకునేవాడు.

ఆ చలికాలంలో ఆయన గంటకోసారి లేవడం మొదలైంది. గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్తే ఎంతకీ తిరిగి వచ్చేవాడు కాదు.

"ఏందయ్యా, గిరాకీలు పెరట్లకు వస్తున్నరా?" అంది భార్య కనకవ్వ.

"వయసు పిలుస్తున్నదే. పోకపోతే కోపానికొస్తది."

శైలజ నవ్వలేదు. కూర్చునేటప్పుడు ఆయన నడుము పట్టుకోవడం ఆమె చూసింది. మగవాళ్ల బాధ బిడ్డతో ఎట్లా చెప్పడమని ఆయన రెండు నెలలు దాచాడు. మూత్రంలో నెత్తురు పడిందని కనకవ్వ చెప్పిన రోజు శైలజే ఆటో పిలిచింది.

దవాఖానలో పరీక్షలన్నీ అయ్యాక, ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అనీ, ఎముకల దాకా పాకిందనీ డాక్టరమ్మ చెప్పింది. ఏం పని చేస్తారని అడిగింది.

"అవుసుల పని. బంగారు నగలు జేస్త."

"అతుకు దేంతోటి పెడ్తరు?"

"కేడీఎం తోటి," అన్నాడు నరహరి కొంచెం గర్వంగా. ఆ అక్షరాలు మేలిమికి గుర్తని ఆయన నమ్మకం.

"అది కాడ్మియం, పెద్దయ్యా," అని ఆమె నిదానంగా విడమరిచింది. వేడికి ఆ లోహం పొగవుతుంది. పీల్చినది ఏండ్ల తరబడి ఒంట్లోంచి పోదు. కిడ్నీల్లో, ప్రోస్టేట్‌లో కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. కణాలు దెబ్బతింటే బాగుచేసుకునే శక్తిని తగ్గిస్తుంది. "గా పొగ ఒక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను. వయసు ఉన్నది, ఇంకా వేరేవి ఉంటయి. కాని మూసిన గదిల గన్నేండ్లు పీల్చిన్రు. దాన్ని పక్కన పెట్టలేం."

నరహరి తన గురించి ఏమీ అడగలేదు. "నా బిడ్డ గూడ గదే గదిల కూసుంటది," అన్నాడు.

"ఆడోళ్లకు ఆ గ్రంథి ఉండది. కిడ్నీలు, ఊపిరితిత్తులు అందరికి ఉంటయి కద. ఆమెకు గూడ పరీక్ష చేద్దాం."

ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులు ఆయన కంచం ముందు ఊరికే కూర్చుని లేచాడు. శైలజ కిడ్నీలు బాగానే ఉన్నాయి. ఒంట్లో కాడ్మియం మాత్రం ఉండవలసిన దానికంటే ఎక్కువ. ఇక పీల్చవద్దంది డాక్టరమ్మ.

"ఈ పని ఇడిశిపెట్టు బిడ్డా," అన్నాడు.

"ఇడిశిపెట్టి ఏం జెయ్యాలె బాపూ? నాకు గిదే వస్తది. నువ్వే నేర్పినవ్."

మర్నాడు పొద్దున్నే ఆయన సుత్తి తీసుకుని తుప్పుపట్టిన కిటికీ గడియను కొట్టి తెరిచాడు. బంగారంలో వెండి, రాగి కలిపి కరిగించి టంకం చేశాడు. "మా బాపు గిట్లనే పెట్టెటోడు. దీనికి వేడి ఎక్కువ గావాలె, ఓపిక గావాలె. నేనే అలకగైతదని కేడీఎం దిక్కు పోయిన."

కిటికీ తెరిస్తే మంట నిలవడం లేదు. ఆయన తన పీటను అటు జరుపుకుని, శాలువా కప్పుకుని, గాలికి అడ్డంగా కూర్చున్నాడు.

"కొంచెం ఎడమకు జరుగు బాపూ, సందులకెల్లి గాలొస్తున్నది."

"కన్నతండ్రిని తలుపు జేసినవ్ గదనే," అని నవ్వుతూ జరిగాడు. జరిగినప్పుడల్లా ఎముకలు నొప్పిపెట్టేవి. కనకవ్వ వచ్చి వీపు వెనక దిండు సర్దిపోయేది.

శైలజ పెట్టిన మొదటి అతుకు విరిగింది. తర్వాతవి నల్లబడ్డాయి. ఎండలు ముదిరిన ఒకరోజు శైలజ ఒక కమ్మ ఇచ్చింది. ఆయన అతుకు దగ్గర గోరుతో గీరాడు, రెండు చేతులా పట్టి లాగాడు. అది ఊడలేదు. కమ్మను ఆమె అరచేతిలో పెట్టి, ఆమె వేళ్లను తనే ఒక్కొక్కటిగా ముడిచాడు.

శ్రావణంలో నరహరి పోయాడు.

ఇప్పుడు శైలజ మంట వెలిగించే ముందు తండ్రి కూర్చున్న పీటను కిటికీ దగ్గరికి లాగుతుంది. దాని మీద రేకు నిలబెట్టి, ఆయన శాలువా చుడుతుంది. రేకు పైనుంచి పొగ బయటికి పోతుంది. కింద మంట కదలదు.