మధ్యలో మైనస్

నిన్న చిల్లకల్లు నుంచి ఒకాయన నా రిపేరు కొట్టుకి వైఫై డబ్బా పట్టుకొచ్చాడు. మూత తీయగానే కాలిన వాసన గుప్పుమంది. ఇంట్లో దొరికిన ఏదో అడాప్టరు దానికి గుచ్చాడట. "పిన్ను పట్టింది కదండీ" అన్నాడు, నేరమంతా పిన్నుదే అన్నట్టు. మామూలుగా అయితే ఓ చురక అంటించేవాణ్ణి. కానీ ఆ మాటే ఒకప్పుడు, జగ్గయ్యపేటలో ఇదే బల్ల దగ్గర, కరుణ టీచర్‌తో నేనే అన్నాను.

ఆవిడ నందిగామలో మాకు లెక్కలు చెప్పారు. నేను తొమ్మిదో తరగతిలోనే చదువుకి సెలవిచ్చేశాను. చదువు కూడా పెద్దగా బాధపడలేదు. తర్వాత టీవీల రిపేరు నేర్చుకుని కొట్టు పెట్టాను. రిటైరయ్యే ఏడు ఆవిడ ఓ సంచితో వచ్చారు. అందులో నల్లటి కీబోర్డు. కంప్యూటరంతా అదేనట, టీవీకి తగిలిస్తే బొమ్మ వస్తుంది, ప్రోగ్రాము క్యాసెట్టులోంచి ఎక్కుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల కోసం కొన్నారు. ఇటుకంత బరువున్న దాని అడాప్టరు చచ్చిపోయింది. బెజవాడ షాపులవాళ్లు షోకేసులో పెట్టుకోమన్నారట. ఆవిడకేమో, చివరగా పనిచేస్తున్న వీరులపాడు బళ్లో, తను రాసిన ఎక్కాల ఆట పిల్లలతో ఆడించి వెళ్లాలని. లోపలి చిప్పులు ఇప్పుడు దొరకవు. కాలిపోతే ఆ ఆట అంతటితో సరి.

ఇంజనీర్లయిన శిష్యులు అంతమంది ఉండగా నా దగ్గరికి వచ్చారేమిటని అడిగాను.

"వాళ్లకి తీరిక లేదురా. నీకెప్పుడూ తీరికే కదా."

నా వేళాకోళానికి నవ్వకుండా జవాబు చెప్పగలిగింది ఆవిడ ఒక్కరే.

పాతదాని మీద తొమ్మిది వోల్టులని ఉంది. నా దగ్గర కొత్త రకం తొమ్మిది వోల్టులది, అరచేతిలో ఇమిడేది ఒకటి దొరికింది. గుచ్చబోతుంటే టీచర్ కంప్యూటరు సాకెట్టు మీద అరచెయ్యి అడ్డం పెట్టేశారు.

"ప్లస్సెక్కడుందో చూశావా?"

"పిన్ను పట్టింది కదండీ."

"పట్టిందిలే. చూశావా అని అడిగాను."

చూశాను. ఇప్పటి అడాప్టర్లకి దాదాపు అన్నిటికీ పిన్ను మధ్యలో ప్లస్సే. దీనికి మధ్యలో మైనస్ ఉండాలని పాతదాని మీద చిన్న గుర్తు వేసి ఉంది. అలాగే గుచ్చి ఉంటే లోపలి చిప్పులు కాలిపోయేవే. తీగ కోసి, కొసలు అటుదిటు ఇటుదటు మార్చి అతికించాను. మీటరు పెడితే మధ్యలో మైనస్సే వచ్చింది. అయినా ఆవిడ చెయ్యి కదల్లేదు. ముందు స్కూటరు బల్బుకి పెట్టి చూడమన్నారు. పాపం బల్బేం చేసిందన్నాను. "బల్బు మళ్లీ దొరుకుతుంది" అన్నారు. అది వెలుగుతున్నంతసేపూ టీ తాగుతూ, అడాప్టరు వేడెక్కుతోందా, వోల్టులు పడిపోతున్నాయా అని చూస్తూ కూర్చున్నాం. జవాబు వచ్చాక కూడా లెక్కని వెనకనుంచి సరిచూడమని బళ్లో ఎందుకు వేధించేవారో అప్పటికి నాకు బోధపడింది. కాస్త ఆలస్యమైందనుకోండి.

అప్పుడు చెయ్యి తీశారు. కొట్టులో ఉన్న టీవీకి తగిలించి అడాప్టరు గుచ్చితే తెర తెల్లగా వెలిగింది. ఆవిడ క్యాసెట్టు పెట్టిన టేప్ రికార్డరు కాసేపు కీచుకీచుమన్నాక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వచ్చింది. పేరడిగింది, కొట్టాను. ఏడెనిమిదులెంత అంది. కంగారులో యాభై నాలుగు కొట్టాను. తప్పు అనలేదు. "పరవాలేదు నాగరాజూ, మళ్లీ చూడు" అంది. అచ్చం ఆవిడే. టీచర్ వీధివైపు తిరిగి నవ్వుకుంటున్నారు. నేను ఈసారి యాభై ఆరు కొట్టాను.

వీరులపాడు పిల్లల్లో కావాలని తప్పు కొట్టినవాళ్లే ఎక్కువట, ఆ మాట పక్కన తమ పేరు చూసుకోవడానికి. అది చెబుతూ ఆవిడ మురిసిపోయిన తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. టీచర్ ఇప్పుడు లేరు. ఆ స్కూటరు బల్బు మాత్రం నా బల్ల మీదే ఉంది. కొత్త అడాప్టరు ఏదొచ్చినా ముందు దానికే.

చిల్లకల్లు ఆయనకి డబ్బా ఇక బాగుపడదని చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. పరవాలేదండీ, కొత్తది కొన్నాక ఓసారి ఇటు పట్టుకురండి అన్నాను. ఇవాళ పొద్దున్నే తెచ్చాడు. బల్ల మీద పెట్టీపెట్టకముందే, పక్కనున్న అడాప్టరేదో తీసి గుచ్చబోయాడు. నేను నోరు తెరిచేలోపే నా అరచెయ్యి వెళ్లి ఆ సాకెట్టు మీద వాలింది.