మేక మేసిన నెల

ఇప్పుడంటే ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే పర్యావరణమనీ, పరిశోధన అనీ గొంతు సవరించుకుని చెబుతాను గానీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నిజం చెప్పడానికి సిగ్గేసేది. నా పని రాలిన ఆకులు ఏరుకొచ్చి తూయడం. కాకినాడ అవతల మడ అడవిలో, ఏటి ఒడ్డున, చెట్ల కింద చిన్న చిన్న వలలు కట్టి ఉండేవి. నెలకోసారి పడవ మీద వెళ్లి, వాటిలో పడ్డ ఆకులు తెచ్చి, ఏ చెట్టువి ఆ చెట్టుకి వేరుచేసి, ఎండబెట్టి బరువు చూడాలి. గోదారి నీళ్లు తగ్గి ఉప్పు పెరిగితే ఆ సంగతి అడవి ముందుగా ఆకుల్లోనే చెబుతుందని మా పెద్దసారు నమ్మకం. ఆయన్ని మేం చాటుగా తక్కెడ మాస్టారు అనేవాళ్లం. (మండపేటలో మా నాన్నకి రైస్ మిల్లు. "మనం ధాన్యం తూస్తాం, తవుడు తూస్తాం, ఆఖరికి ఊక కూడా తూస్తాం. ఎండుటాకులు తూయడానికి ఎమ్మెస్సీ ఎందుకమ్మా?" అని ఆయనకి ఇప్పటికీ తీరని సందేహం.)

మాస్టారు కుర్రతనంలో మొదలుపెట్టిన లెక్క అది. ఒక్కో రకం చెట్టుకీ నెలనెలా ఒక చుక్క పెట్టి, చుక్కలన్నీ కలుపుతూ గీత గీసుకుంటూ వచ్చారు. తుఫాన్లకు కూడా ఆ గీత తెగలేదు. "ఒక ఏడాది చూస్తే ఏం తెలుస్తుందమ్మా? ఏళ్ల తరబడి తెగకుండా వింటేనే అడవి మాట అర్థమయ్యేది" అని దాన్ని నా చేతుల్లో పెట్టారు. నా హయాంలో అది తెగకుండా ఉంటే చాలు దేవుడా అన్నదొక్కటే నా బెంగ.

నేను అద్దెకున్న ఇంటి పిన్నిగారిది ఎండుచేపల వ్యాపారం. "చేపలకి వలేత్తారు గానీ ఆకులకి వలేంటండీ, చోద్యం కాపోతే!" అని నవ్వుతూనే, చేపలు ఆరబెట్టే వాకిట్లో నాకూ కాస్త చోటిచ్చారు. ఆ వాకిలికి అసలు యజమానురాలు మాత్రం చంటి అనే మేక. వానలు వెలిసి ఎండ కాసిన ఓ మధ్యాహ్నం, నల్లమడ చెట్ల ఆకులు ఒక కుప్పగా, తిల్ల చెట్ల ఆకులు ఒక కుప్పగా పరిచి భోజనానికి లోపలికెళ్లాను. నెత్తళ్ల పులుసు బ్రహ్మాండంగా కుదిరింది, మారు వడ్డించుకున్నాను. (కొంప ముంచింది ఆ మారు వడ్డనే.) ఈలోగా పిన్నిగారు అలవాటు ప్రకారం చంటిని విప్పేశారు. నేను చెయ్యి కడుక్కుని బయటికొచ్చేసరికి అది తీరిగ్గా కూర్చుని నా పరిశోధనను నెమరేస్తోంది.

"అయ్యబాబోయ్!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. పిన్నిగారే ముందు తేరుకున్నారు. "పోన్లెండమ్మా, పోయిన్నెల ఎంతొచ్చిందో అదే ఏసెయ్యండి. ఆకులేవన్నా వచ్చి సాక్ష్యం చెబుతాయా?" అన్నారు. మాట బాగానే ఉందనిపించి పెన్సిలు కూడా పట్టుకున్నాను. కానీ ఆ అంకె వేస్తే, నా మాట అడవి మాటగా చలామణీ అయిపోతుంది. ఎప్పటికో ఎవరో దాన్నే నమ్ముతారు. భయమేసి మాస్టారికి ఫోన్ చేశాను.

"సార్, ఈ నెల ఆకులు మేక తినేసిందండి."

ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"ఏ ఆకులు తింది? ఏవి వదిలేసింది?"

"అండీ?"

"సరిగ్గా చూసి చెప్పమ్మా!"

పరుగెత్తుకెళ్లి చూస్తే నల్లమడ కుప్ప ఊడ్చేసినట్టుంది, తిల్ల కుప్పలో ఒక్క ఆకూ కదల్లేదు. ఆ మాట విని ఆయన ఆగలేకపోయారు. అది తన కళ్లతో చూడాలని ఆదివారం బస్సెక్కి, రెండు రకాల పచ్చి ఆకులూ రెండు సంచుల్లో వేసుకుని దిగారు. అంతకుముందే పిన్నిగారు పెట్టిన కుడితి పీకలదాకా తాగిన చంటి మొహం తిప్పేసుకుంది. అంతటి పెద్దమనిషి దాని ముందు గొంతుకూర్చుని "కొంచెం రుచి చూడు తల్లీ, నా బంగారం కదూ" అని బతిమాలుతుంటే, ఇది ఉద్యోగం కాదు, జబ్బు అని అర్థమైంది. అప్పటికే నాకూ అంటుకుంది. వెళ్లేముందు ఆయన నల్లమడ గీతలో ఆ నెల జాగా ఖాళీగా వదిలేసి, కింద సన్నగా "మేక" అని రాశారు.

ఇప్పుడా వలలు నావే. మాస్టారు రిటైరై రాజమండ్రిలో ఉన్నారు, నెలనెలా ఫోన్ చేసి గీత ఎలా ఉందని అడుగుతారు. నల్లమడ గీత కొన్నేళ్లుగా కిందికి దిగుతోందండీ అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఎక్కడ వంగడం మొదలైందా అని వెనక్కి వెతుక్కుంటూ వెళితే, ప్రతిసారీ ఆ ఖాళీ దగ్గరికే వచ్చి ఆగిపోతాను. ఏడవాలో నవ్వాలో తెలీక నవ్వేస్తాను. ఆ నెల అడవి ఏదో చెప్పే ఉంటుంది. విన్నది చంటి ఒక్కతే. నేనేమో లోపల కూర్చుని పులుసు మారు వడ్డించుకుంటున్నాను.